ఒద్రోవొంష్: ఒక్క మాటలో మూడు చరిత్రలు



"మన ఇంటిపేరుకు అర్థం ఏమిటి?" అని పిల్లలు అడిగితే, సాధారణంగా తాతగారు చెప్పిన కథే మనమూ చెబుతాం. అందులో చరిత్ర ఎంత, ఊహ ఎంత? పోలండ్‌కు చెందిన ‘ఒద్రోవొంష్’ అనే మాట దీనికి చక్కని ఉదాహరణ.

ఇది మధ్యయుగాల నాటి ఒక ప్రభువంశం పేరు. ఆ వంశ చిహ్నం పేరు కూడా ఇదే. ఎర్రని డాలు మీద తెల్లని బాణం ఉంటుంది. దాని కింది కొస రెండుగా చీలి, ఇరువైపులా వంగి ఉంటుంది. పోలిష్‌లో ‘వొంస్’ అంటే మీసం. ఒక వీరుడు శత్రువు మీసం ఊడబెరికాడని, అందుకే ఈ పేరు వచ్చిందని ఒక కథ ఉంది. వినడానికి సరదాగా ఉన్నా, అది కథ మాత్రమే.

చర్చి చరిత్రలో మాత్రం ఈ పేరుకు గట్టి ఆధారాలున్నాయి. ఇవో ఒద్రోవొంష్ 1218లో క్రాకో నగర బిషప్ అయ్యాడు. డొమినికన్ సన్యాసులను ఆ నగరానికి రప్పించింది ఆయనే. ఆయన బంధువుగా చెప్పే యాత్సెక్ ఆ సన్యాసుల్లో ప్రముఖుడు. 1257లో మరణించిన యాత్సెక్‌ను 1594లో పోప్ పునీతుడిగా ప్రకటించారు.

తర్వాతి కాలంలో ఈ చిహ్నం వాడిన కుటుంబాలు తమ ఊళ్ల పేర్లతో వేర్వేరు ఇంటిపేర్లు పెట్టుకున్నాయి. షిద్వొవ్యెత్స్ ఊరివారు షిద్వొవ్యెత్స్కి అయ్యారు. కొందరు ‘ఒద్రోవొంష్’ను ఇంటిపేరుకు ముందు చేర్చుకున్నారు.

ఒకే గోత్రంలో అనేక ఇంటిపేర్లు ఉండటం మనకు తెలిసిందే. అయితే పోలండ్‌లో ఒకే చిహ్నం ఉన్నంత మాత్రాన అందరూ రక్తసంబంధీకులు కారు. 1413లో హొరోద్వో ఒప్పందంలో పోలిష్ వంశాలు 47 లిథువేనియా కుటుంబాలకు తమ చిహ్నాలను పంచాయి. అలా చిహ్నం ఇచ్చిన వంశాల్లో ఒద్రోవొంష్ కూడా ఒకటి. అంటే ఆ చిహ్నం పుట్టుకతోనే కాదు, స్నేహంతోనూ వచ్చేది.

ఈ ఆదివారం మీ పిల్లలతో ఒక చిన్న పని చేయించండి. నోటుపుస్తకంలో రెండు వరుసలు గీయించండి. ఒకదానిలో ఇంటిపేరు గురించి పెద్దలు చెప్పినది, రెండోదానిలో పాత దస్తావేజుల్లో, శుభలేఖల్లో కనిపించినది రాయించండి. రెండూ దాచుకోదగ్గవే. ఏది కథో, ఏది ఆధారమో గుర్తించడమే చరిత్రలో తొలి పాఠం.