గేరు తగ్గించడమూ విద్యే

ఆరు వారాల కిందట స్వల్పంగా పక్షవాతం వచ్చిందని 2024 ఫిబ్రవరిలో జెరోధా వ్యవస్థాపకుడు నితిన్ కామత్ వెల్లడించినప్పుడు చాలామంది విస్తుపోయారు. ఒంటిని అంత శ్రద్ధగా చూసుకునే మనిషికి ఇదేమిటి? తండ్రి మరణం, నిద్రలేమి, అలసట, ఒంట్లో నీరు తగ్గడం, మితిమీరిన వ్యాయామం... ఇవి కారణాలై ఉండొచ్చని ఆయనే చెప్పారు. మొదట్లో చదవడం, రాయడం కూడా సాధ్యం కాలేదు. ఎప్పుడు గేరు తగ్గించాలో తెలియాలన్నది డాక్టర్ సలహా.

2010లో బెంగళూరులో తమ్ముడు నిఖిల్‌తో కలిసి ప్రారంభించిన సంస్థను కామత్ బయటి పెట్టుబడి లేకుండానే పెంచారు. తరిమే ఇన్వెస్టర్లు లేని వ్యాపారం తన వేగాన్ని తానే నిర్ణయించుకోగలదు. ఒంటిని తరిమేది మాత్రం యజమానే. కోలుకుంటూనే కామత్ మళ్లీ ట్రెడ్‌మిల్ ఎక్కారు. తెల్లవారుజామునే పరుగుకు బయల్దేరే స్టార్టప్ యజమానులకు ఆయన అనుభవం చెప్పేది ఒకటే: ముందు రాత్రి నిద్ర కూడా ఆ పరుగులో భాగమే.