2147483647: మీ ఫోన్‌లో ఉన్న ఈ ప్రైమ్ నంబర్ సంగతేంటి?

కోడింగ్ కాస్త తెలిసినవాళ్ళకి 2,14,74,83,647 పాత పరిచయమే. 32 బిట్ల సైన్డ్ ఇంటిజర్‌లో పట్టే అతి పెద్ద విలువ ఇది. 31 బిట్లూ 1లే, మిగిలిన ఒక్క బిట్ ప్లస్సా మైనస్సా చెప్పడానికి. లెక్కలో రాస్తే 2 పవర్ 31 మైనస్ 1. విశేషం ఏంటంటే, ఇది ప్రైమ్ నంబర్ కూడా.

కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చారు?

1772లోనే ఆయిలర్ దీన్ని ప్రైమ్ అని నిరూపించాడు. మామూలుగా అయితే దీని వర్గమూలం, అంటే 46,340 వరకు ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేలకి పైనే ఉన్నాయి. కానీ ఈ సంఖ్యని భాగించే ప్రైమ్ ఏదైనా ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలి. ఈ రూల్‌తో వడపోస్తే వందలోపే మిగులుతాయి. వాటిలో ఒక్కటీ శేషం లేకుండా భాగించదు. లెక్క అయిపోయింది! ఈ రకం ప్రైమ్‌లని మెర్సెన్ ప్రైమ్‌లు అంటారు, వాటిలో ఇది 8వది.

అయితే ఇంటిజర్ లిమిట్లన్నీ ప్రైమ్‌లేనా?

కాదు. సైన్డ్ ఇంటిజర్ లిమిట్లు చూడండి:

- 8 బిట్లు: 127, ప్రైమ్
- 16 బిట్లు: 32,767 = 7 × 31 × 151
- 32 బిట్లు: 2147483647, ప్రైమ్
- 64 బిట్లు: 9223372036854775807, దీన్ని 7 భాగిస్తుంది

కిటుకు పవర్‌లో ఉంది. ఇక్కడ పవర్‌లు వరసగా 7, 15, 31, 63. వీటిలో 15, 63 రెండిటినీ 3 భాగిస్తుంది. అందుకే 2 పవర్ 3 మైనస్ 1, అంటే 7, ఆ సంఖ్యల్ని భాగిస్తుంది. పవర్ ప్రైమ్ కాకపోతే ఫలితం కూడా ప్రైమ్ కాదు. అలాగని పవర్ ప్రైమ్ అయితే చాలు అనుకోకండి: 2 పవర్ 11 మైనస్ 1 అంటే 2047, అది 23 × 89.

మనకి దీంతో పనేంటి?

ఈ లిమిట్‌కి ఒకటి కలిపితే చాలా సిస్టమ్స్‌లో విలువ ఒక్కసారిగా మైనస్ 2147483648కి పడిపోతుంది. 2014 డిసెంబర్‌లో గంగ్నమ్ స్టైల్ వ్యూస్ ఈ లిమిట్ దాటడంతో, యూట్యూబ్ తన కౌంటర్‌ని 64 బిట్లకి మార్చిన సంగతి ప్రకటించింది.

ఇంకో డెడ్‌లైన్ ముందుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల గడియారాలు మన టైమ్ ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8:44:07కి ఈ సంఖ్యని చేరతాయి. తర్వాతి సెకనుకి 1901లోకి వెళ్ళిపోతాయి.

మీది 64 బిట్ల ఫోన్ అయినా నిశ్చింతగా ఉండొద్దు. జావా, కోట్లిన్‌లలో 'ఇంట్' ఇప్పటికీ 32 బిట్లే. మీరు యాప్ రాస్తుంటే టైమ్‌కీ, పెద్ద కౌంటర్లకీ 'లాంగ్' వాడండి.