అడ్మిన్ భారం ఒక్కరి భుజాల మీదే వద్దు

ఆదివారం ఆరాధన వేళ, గృహకూడిక ఎవరింట్లో, ఎవరికి రక్తం అవసరం — ఇవన్నీ ఇప్పుడు సంఘ వాట్సాప్ గ్రూపు ద్వారానే తెలుస్తున్నాయి. మంచం పట్టిన ఒక తల్లి కోసం ఉదయం పెట్టిన విన్నపానికి మధ్యాహ్నంకల్లా సంఘమంతా ప్రార్థిస్తుంది. కువైట్‌లో పనిచేస్తున్న ఆమె కూతురు కూడా ఆ ప్రార్థనలో కలుస్తుంది. ఇందుకు దేవునికి స్తోత్రం.

అయితే అదే గ్రూపులోకి నిజమో కాదో తెలియని వార్తలు, మరొక సంఘాన్ని కించపరచే వీడియోలు, ఎన్నికల ప్రచారం, పాస్టరేట్ కమిటీ తగాదాలు కూడా వస్తున్నాయి. వాటిని చూసి సరిదిద్దే పని చాలా సంఘాల్లో పాస్టరుగారు ఒక్కరిదే. ఈ పద్ధతి మారాలని సంఘాలకు మా మనవి.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం మొదలుకొని సాయంత్రం వరకు ఒంటరిగా కూర్చుని ప్రజల తగవులు తీర్చేవాడు. అది చూసిన మామ యిత్రో, ఈ పద్ధతి మంచిది కాదని అన్నాడు. అతని మాటలో మనం తరచూ దాటవేసే సంగతి ఒకటుంది. నలిగిపోయేది నువ్వు ఒక్కడివే కాదు, నీ దగ్గరికి వచ్చే ఈ ప్రజలు కూడా అని అతడు హెచ్చరించాడు. పెద్ద సంగతులు మోషే దగ్గరికి, చిన్నవి తగిన మనుషుల దగ్గరికి వెళ్ళేలా ఏర్పాటు చేయమన్నాడు. దైవభక్తి, సత్యం, లంచం అంటే అసహ్యం ఉన్నవారిని ఎన్నుకోమన్నాడు. మాట నేర్పు ఉండాలని మాత్రం అనలేదు.

అడ్మిన్ ఒక్కరే అయితే ఏమి జరుగుతుంది? రాత్రి పదకొండింటికి ఇద్దరు సభ్యులు వాదులాడుకుంటే పాస్టరుగారు ప్రసంగం సిద్ధపాటు పక్కన పెట్టి ఫోన్ పట్టుకోవాలి. అలసిన మనిషికి కోపం త్వరగా వస్తుంది. ఆ కోపంలో ఒక సహోదరుణ్ణి గ్రూపు నుంచి తీసేస్తే, తీయబడినవాడు దాన్ని వాట్సాప్ సంగతిగా చూడడు, సంఘం తనను వెలివేసిందనే అనుకుంటాడు. ఆ వారం కూడిక ఎక్కడో అతని కుటుంబానికి తెలియదు. అతడు అడిగింది చందాల లెక్క గురించే అయితే, నోరు నొక్కడానికే తీసేశారని ఊరంతా చెప్పుకుంటుంది. పాస్టరుగారు న్యాయంగానే చేసినా, అది న్యాయమని చెప్పడానికి పక్కన మరో మనిషి ఉండడు. కాబట్టి బాధ్యత పంచుకోవడమంటే పని తగ్గించుకోవడమే కాదు. ఒక్కరి కోపం సంఘం తీర్పుగా మారకుండా కాచుకోవడం కూడా.

మరి ఎవరిని ఎన్నుకోవాలి? అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం దారి చూపిస్తుంది. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు సణిగారు. అప్పుడు ఎన్నికైన ఏడుగురిని చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నికానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. బాధపడినవారి వైపు మనుషులకే సంఘం ఆ పని అప్పగించిందని దీన్నిబట్టి అర్థమవుతుంది. మన గ్రూపుల్లోనూ అడ్మిన్లు అందరూ కమిటీ పెద్దలే కాకూడదు. స్త్రీల సహవాసం నుంచి ఒకరు, యౌవనస్థుల నుంచి ఒకరు, పేటలో అందరూ నమ్మే సామాన్య విశ్వాసి ఒకరు ఉండాలి. ఒకే ఇంటివారు ఇద్దరు వద్దు. అమెరికాలో ఉన్న సభ్యుడు ఒకరుంటే మరీ మంచిది, మనం నిద్రపోయే వేళ అక్కడ పగలు.

పద్ధతి ముందే రాసుకుని గ్రూపులో అందరికీ తెలియజేయాలి. నలుగురైదుగురు అడ్మిన్లుంటే వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకోవచ్చు. రోగి పేరుతో రిపోర్టులు, కుటుంబ రహస్యాలు, ఇతర మతస్థులను దూషించే మాటలు కనబడితే వంతులో ఉన్నవారు వెంటనే తొలగించవచ్చు. 2022 నుంచి అడ్మిన్లు ఇతరుల సందేశాన్ని అందరికీ కనబడకుండా తీసేసే వీలుంది. తీసింది అడ్మిన్ ఎవరో కూడా అక్కడే కనబడుతుంది. కనుక తీసినవారు ఆ సభ్యుడికి ఫోన్ చేసి కారణం మృదువుగా చెప్పాలి.

మనిషిని తీసేయడం వేరు. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పిన క్రమం ఇక్కడా వర్తిస్తుంది: ముందు ఒక్కరే వెళ్ళి ఏకాంతంగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి, ఆ తర్వాతే సంఘానికి చెప్పాలి. అందుచేత అడ్మిన్లలో కనీసం ముగ్గురు ఒప్పుకోనిదే ఎవరినీ తీయకూడదు. గొడవలో తానే ఒక పక్షమైన అడ్మిన్ ఆ నిర్ణయానికి దూరంగా ఉండాలి. ఈ నియమం పాస్టరుగారికీ వర్తించాలి. లెక్కల గురించి అడిగిన ప్రశ్నను తొలగించకుండా, కోశాధికారి ఏ రోజున జవాబు చెబుతారో రాయడమే సరైన మార్గం.

కేసుల భయంతో కొందరు ఈ బాధ్యతకు వెనుకాడుతున్నారు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన ఒకరిని నేరస్థుడిగా చూడలేమని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం కూడా, సభ్యుడితో కలిసి ఉమ్మడి ఉద్దేశంతో చేసినట్టు తేలితే తప్ప అడ్మిన్‌ది నేరం కాదని చెప్పింది. అయినా విషపు మాట చూసి ఊరుకున్నవారు దేవుని ఎదుట మనస్సాక్షికి జవాబు చెప్పుకోక తప్పదు.

కొందరు కాపరులు, గ్రూపు చేయి జారిపోతుందేమోనని అనుమానిస్తారు. యిత్రో సలహా విన్నాక మోషే నాయకత్వం పోలేదు, కఠినమైన సంగతులు అతని దగ్గరికే వచ్చాయి. మీ దగ్గరికి కూడా నిజంగా కాపరి అవసరమైనవే వస్తాయి, వాటిని వినడానికి మీకు తీరిక, నెమ్మది ఉంటాయి. వచ్చే కమిటీ సమావేశంలో ఈ సంగతి చర్చకు పెట్టండి. అడ్మిన్లుగా నిలిచేవారి పేర్లు సంఘం ఎదుట చదివి, సండే స్కూల్ టీచర్ల కోసం చేసినట్టే వారి కోసం కూడా ప్రార్థన చేయండి. అదీ పరిచర్యే.