ఊరి ‘టాంటాం’ కాదు.. డ్రమ్‌సెట్‌ గొంతు!

పన్నుల గడువు గురించో, పశువైద్య శిబిరం గురించో ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేస్తే ‘టాంటాం వేయించారు’ అనడం తెలుగు జిల్లాల్లో పరిపాటి. అదే పేరున్న వాద్యం పాశ్చాత్య డ్రమ్‌సెట్‌లోనూ ఉంది. ఇంగ్లిషులోని ‘టామ్‌టామ్‌’కు భారతీయ భాషల్లోని ధ్వన్యనుకరణ పదమే మూలమని నిఘంటువులు చెబుతాయి. అయితే పేరు ఇటునుంచి వెళ్లినా, డ్రమ్‌సెట్‌లో తొలుత చేరిన వాద్యం మాత్రం చైనాది.

20వ శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలోని చైనీయుల వాడల్లో రంగుల బొమ్మలు వేసిన చిన్న డోళ్లు దొరికేవి. వాటికి పంది తోలును మేకులతో బిగించేవారు. జాజ్‌ వాద్యకారులు, మూకీ చిత్రాలకు శబ్దాలు సమకూర్చే థియేటర్‌ కళాకారులు వీటిని కొని పెద్ద డ్రమ్ముకు తగిలించుకున్నారు. గంటలు, ఈలల వంటి సరంజామాలో ఇదీ ఒకటి, అంతే.

అందుకు కారణం లేకపోలేదు. మేకులు కొట్టిన తోలును శ్రుతి చేయడం సాధ్యం కాదు. గాలిలో తేమ పెరిగితే నాదం మందగిస్తుంది. డప్పు కళాకారులకు ఈ ఇబ్బంది బాగా తెలిసిందే. ప్రదర్శనకు ముందు డప్పును మంట సెగకు కాచేది అందుకే. నాటకశాల వేదికపై నెగడు వేయడం కుదరదు కదా!

మలుపు తిప్పిన క్రూపా

ఈ పరిస్థితిని మార్చిన వాద్యకారుడు జీన్‌ క్రూపా. పైతోలు, కిందితోలు రెండింటినీ స్క్రూలతో బిగించుకునే టామ్‌లను ఆయన కోరిక మేరకు 1930ల మధ్యలో స్లింగర్‌లాండ్‌ సంస్థ తయారుచేసింది. 1938 జనవరి 16న న్యూయార్క్‌ కార్నెగీ హాలులో బెన్నీ గుడ్‌మన్‌ బృందం ‘సింగ్‌ సింగ్‌ సింగ్‌’ వాయించినప్పుడు ఆ రచనను మొదటి నుంచి నడిపించింది నేలపై నిలిపిన టామే. అదనపు సామగ్రిగా వచ్చిన వాద్యం ఆ విధంగా ప్రధాన స్వరమైంది. 1957లో రెమో సంస్థ ప్లాస్టిక్‌ తోళ్లను మార్కెట్లోకి తేవడంతో తేమ బెడద కూడా చాలావరకు తీరింది.

ఐదు డ్రమ్ముల సెట్‌లో సాధారణంగా మూడు టామ్‌లుంటాయి. రెండు చిన్నవి పెద్ద డ్రమ్ముపైనో, స్టాండుకో అమరుస్తారు. మూడోది మూడు కాళ్లపై కుడివైపు నిలుస్తుంది. 12, 13, 16 అంగుళాల కొలతలు బాగా వాడుకలో ఉన్నాయి. స్నేర్‌ డ్రమ్ము అడుగున ఉండే లోహపు తీగలు వీటికి ఉండవు. అందువల్లనే చరచర శబ్దం లేకుండా నాదం గుండ్రంగా పలుకుతుంది. పల్లవి ముగిసి చరణం మొదలయ్యే చోట మెట్లు దిగినట్టు వినిపించే వరుస వీటిదే. ఫిల్‌ కాలిన్స్‌ 1981 నాటి ‘ఇన్‌ ది ఎయిర్‌ టునైట్‌’లో మూడున్నర నిమిషాలు దాటిన తర్వాత గానీ ఆ వరుస రాదు. శ్రోతలకు గుర్తుండిపోయింది మాత్రం అదే.

చర్చి ఆరాధనల్లో, కళాశాల వేడుకల్లో టామ్‌ రేకు డబ్బాలా మోగితే వెంటనే కొత్త తోలు కొనవలసిన పనిలేదు. ముందు శ్రుతి చూడాలి. ఒక స్క్రూ బిగించాక పక్కదాన్ని కాక, దానికి ఎదురుగా ఉన్నదాన్ని బిగించాలి. ప్రతి స్క్రూ వద్ద అంచుపై పుల్లతో తట్టితే ఒకే స్వరం పలకాలి. కిందితోలును విస్మరించడం పెద్ద పొరపాటు. నాదం ఎంతసేపు నిలవాలో నిర్ణయించడంలో దాని పాత్ర ఎక్కువ. పైన టేపు అంటించడం శ్రుతికి ప్రత్యామ్నాయం కాదు. బీటిల్స్‌ వాద్యకారుడు రింగో స్టార్‌ కొన్ని రికార్డింగుల్లో టామ్‌లపై తువ్వాళ్లు కప్పిన మాట నిజమే కానీ, అది ఆ పాటలకు కావాలని ఎంచుకున్న ధ్వని.

టామ్‌ కొట్టినప్పుడల్లా ఎక్కడో జుయ్‌మని వినిపిస్తే ఆ లోపం టామ్‌ది కాదు. పక్కనున్న స్నేర్‌ తీగలు ఆ కంపనానికి స్పందిస్తున్నాయన్నమాట. టామ్‌ శ్రుతిని కొద్దిగా పైకో కిందికో జరిపితే ఆ రొద చాలావరకు తగ్గుతుంది.