బాతును పిలిచే పీక

అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో స్టట్‌గార్ట్ అనే చిన్న ఊరుంది. చుట్టూ వరి పొలాలు. చలికాలం రాగానే ఉత్తరాది నుంచి మల్లార్డ్ బాతులు గుంపులు గుంపులుగా వచ్చి, నీళ్లు నిలిచిన కోతమళ్లలోనూ ఓక్ అడవుల్లోనూ దిగుతాయి. వాటి వెనకే వేటగాళ్లూ దిగుతారు. బతికున్న బాతును కట్టేసి దీమంగా వాడడాన్ని అమెరికా ప్రభుత్వం 1935లో నిషేధించింది. బాతులకు రికార్డు చేసిన కూతలు వినిపించడమూ కుదరదు. మిగిలింది బొమ్మ బాతులు, పీకలోకి ఊదే మనిషి ఊపిరి. 1936లో ఆ ఊళ్లో బాతు పిలుపుల పోటీ మొదలైంది. తొలి విజేత థామస్ వాల్ష్ పీక పట్టకుండా ఒట్టి గొంతుతోనే కూసి గెలిచాడు. బహుమతి 6 డాలర్ల 60 సెంట్ల వేట కోటు. (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి బాతుల వేట నేరం.)

పీక నిర్మాణం తేలికే. కర్ర గొట్టం లేదా యాక్రిలిక్ గొట్టం, దాని చివర బిగించే బిరడా, బిరడా మీద సన్నని గాడి, ఆ గాడిపై పల్చటి ప్లాస్టిక్ నాలుక. ఊపిరికి నాలుక అదిరి కూత పుడుతుంది. రెండు నాలుకల పీక కాస్త గరుగ్గా పలుకుతుంది, తప్పుల్ని కొంత దాస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు అదే మేలు. ఒంటి నాలుకది పెద్ద కూతకూ చిన్న కూతకూ లొంగుతుంది గానీ చేయి తిరగడానికి కాలం పడుతుంది.

చాలామంది బుగ్గలు పూరించి బూర ఊదినట్టు ఊదుతారు. వచ్చేది కీచుమన్న శబ్దమే. గాలి పొట్టలోంచి రావాలి. కళ్లద్దాల మీద ఆవిరి పట్టించడానికి ‘హా’ అంటామే, ఆ గాలే కావాలి. ఈ ఒక్కటి పట్టుబడితే సగం విద్య వచ్చినట్టే.

గట్టిగా ‘క్వాక్’ అనేది ఆడ మల్లార్డే. మగదానిది బొంగురు గొంతు. అందుకే అనుకరించేది ఆడదాన్ని. ‘క్వా’ అని వదిలేస్తే అది బాతు కూత కాదు. చివర్న గాలిని టక్కున తెంపి ‘క్’ పలికించాలి. ఒంటి క్వాక్ కుదిరాక ఐదింటిని వరసగా, మొదటిది గట్టిగా, తర్వాతవి ఒకటికొకటి తగ్గుతూ కూయాలి. ఇది పలకరింపు. మేత మేస్తున్న బాతుల గుసగుస కోసం పీకలోకి ‘డగ్గడగ్గ’ అంటారు. మృదంగం నేర్చే పిల్లవాడు జతులు వల్లించినట్టే, ముందు మెల్లగా, స్పష్టంగా, వేగం తర్వాత.

సన్నాయి విద్వాంసుడు పీకను ఉమ్మితో తడిపి మరీ ఊదుతాడు. ఇక్కడ తడే శత్రువు. ఉమ్మి చేరితే నాలుక గాడికి అతుక్కుని పీక మూగబోతుంది. చలి ఉదయాన ఆవిరి గడ్డకట్టినా అంతే. బిరడా ఊడదీసి, నాలుక కింద సన్నని కాగితం దూర్చి లాగితే మళ్లీ పలుకుతుంది. నాలుక చోటు మారితే మాత్రం కూత మారిపోతుంది.

అసలు కష్టం ఎప్పుడు ఊరుకోవాలో తెలియడం. రెక్కల కొసలూ తోకలూ కనిపిస్తున్నాయంటే బాతులు పక్కకు తిరుగుతున్నాయి, వెళ్లిపోతున్నాయి, అప్పుడు పిలవాలి. దూరమైపోతుంటే తొందర తొందరగా, బతిమాలుతున్నట్టు. నేరుగా వస్తుంటే పీక దించేయాలి. దగ్గరికొచ్చాక కూత ఏ పొదలోంచి వస్తోందో అవి ఇట్టే పసిగడతాయి. గాలి బలంగా వీచే రోజున గట్టిగానూ, గాలి కదలని రోజున పొదుపుగానూ కూయాలి. స్టట్‌గార్ట్ వేదిక మీద పోటీదారుకు 90 సెకన్లే గడువు, ఆ కాసేపట్లో కూతలన్నీ వినిపించాలి. నీళ్లలో నిలబడ్డవాడు అలా కూస్తే పైనున్న గుంపు తిరిగి చూడదు.