వేసవి సెలవులు: ఊరి చుట్టూ నాలుగు ప్రయాణాలు

బడులకు వేసవి సెలవులు ఇచ్చేరోజు దగ్గరపడుతున్నకొద్దీ గుమాస్తా ఇంట్లో గుండెదడ హెచ్చుతుంది. పక్కింటివారు సిమ్లా పోతున్నారట, ఎదురింటివారు ఊటీకి టిక్కెట్లు కొన్నారట. "మరి మనం ఎక్కడికి నాన్నా?" అని పిల్లలు అడుగుతారు. "వచ్చే ఏడు చూద్దాం" అని ఏటా ఒకే జవాబు చెప్పి తప్పించుకుంటూ వచ్చాము. ఈ ఏడు ఆ జవాబు పారలేదు. అప్పు చేసి దూరదేశాలు తిరిగేకంటె, ఊరి చుట్టుపక్కల ఉన్నవే నాలుగు చోట్లు, నాలుగు ఆదివారాలు చూసి వద్దామని తీర్మానించుకున్నాము. ఒక్కరోజు మాత్రం కాజువల్ లీవు ఖర్చయింది.

మాది బరంపురం. నాలుగు తరాలుగా ఇక్కడే కాపురం. మా తాతగారు చిన్ననాడు గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరింది. మేము ఊరు మారలేదు, రాష్ట్రమే మారింది. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు చదవడం, వ్రాయడం మాత్రం వారికి రాదు. మన మాసపత్రిక చదివే అనేక కుటుంబాలలో ఇదే పరిస్థితి గనుక ఈ సంగతి ముందే చెబుతున్నాము. దీనితో తరువాత పని ఉన్నది.

గోపాల్‌పూర్

మొదటి ప్రయాణం గోపాల్‌పూర్ సముద్రతీరానికి. బరంపురానికి సుమారు 16 కిలోమీటర్లే. ఏప్రిల్ ఆఖరున శనివారం సాయంత్రానికి చేరి, రాత్రి బసచేసి, ఆదివారం మధ్యాహ్నానికి తిరిగి రావాలని ఏర్పాటు. ఒకప్పుడు ఇది పెద్ద రేవు. ఇక్కడ ఓడ ఎక్కి ఎందరో తెలుగువారు, ఒడియావారు కూలిపనులకు రంగూను పోయారు. రెండవ ప్రపంచయుద్ధంతో ఆ రాకపోకలు ఆగిపోయాయి. ఇప్పుడు దీపస్తంభమూ, ఇసుకతిన్నెలూ, సాయంత్రం తిరునాళ్ళవంటి జనమూ ఉన్నారు.

ఈ తీరం పొడుగునా చేపలు పట్టుకొని బ్రతికేవారిని నోలియాలంటారు. వారి ఇంటి భాష తెలుగే. పూరీ తీరంలోకూడ యాత్రికులను చెయ్యిపట్టుకొని సముద్రస్నానం చేయించేది వీరే. మేము ఇసుకలో కూర్చోగానే నెత్తిన తలపాగా చుట్టిన ఒక ముసలి నోలియా వచ్చి, "బాబూ, సంద్రం బాగునేదు. రేపు తానాలకి దిగితే పిల్లల్ని నాను సూసుకుంటాను. ఏటైనా ఇప్పించండి" అన్నాడు. అతడు అడిగినది మా అందరి ఒకపూట కాఫీ ఫలహారాల ఖర్చుకంటె ఎక్కువ కాదు. అయినా బేరమాడడం గుమాస్తా రక్తంలో ఉన్నది. "ఏమోయ్, మావాడికి ఈత వచ్చులే, నీ కాపలా అక్కర్లేదు" అని పంపించివేశాము. ఆ రాత్రి పిల్లలు "నాను సూసుకుంటాను" అని అతని మాటను అనుకరించి నవ్వుతుంటే, మందలించవలసిన మేముకూడ నవ్వాము.

మరునాడు ఉదయం ఆరుగంటలకే స్నానాలకు దిగాము. మా పెద్దవాడికి పద్నాలుగేళ్ళు. ఊళ్ళో చెరువులో ఈత నేర్చినవాడు. అంతటా కెరటాలు విరిగి నురుగు కడుతుంటే ఒకచోట మాత్రం నీరు నున్నగా, కొంచెం నల్లగా, కెరటం లేకుండా కనిపించింది. చెల్లెలిని ఒడ్డున నిలబెట్టి వాడు అక్కడికి పోయి మొలలోతు నీళ్ళలో నిలిచాడు. మేము కళ్ళజోడు తుడుచుకొని చూసేసరికి వాడు మెడలోతున ఉన్నాడు. మళ్ళీ చూసేసరికి తలమాత్రమే కనిపిస్తున్నది. ఒడ్డుకేసి చేతులు బారచాచి ఈదుతున్నాడు. ఈదినకొద్దీ వెనక్కు పోతున్నాడు. మా ఆవిడ కేక ఇంకా మా చెవులలో ఉన్నది. మాకు ఈత రాదు.

అప్పుడు మా వెనకనుంచి, పరుగెత్తుకొస్తూ ఎవరో గొంతు చించుకొని అరిచారు: "ఒడ్డేపు రాకురా బాబూ! పక్కకెల్లు! పక్కకెల్లు!" నిన్నటి ముసలాయనే. మావాడు ఆ మాట విన్నాడు. ఒడ్డుకు ఈదడం మానేసి అడ్డంగా తిరిగాడు. కొంతదూరం పక్కకు పోయేసరికి వెనక్కు లాగే నీరు వదిలింది, కెరటాలే వాడిని ముందుకు తోయసాగాయి. ముసలాయన రబ్బరు చక్రంతో ఎదురువెళ్ళి పట్టుకున్నాడు. దిగిన చోటికి చాలా దూరాన ఇద్దరూ ఒడ్డెక్కారు. ఉప్పునీళ్ళు కక్కించి, ఒకపక్కకు పడుకోబెట్టి, ఒళ్ళు తుడిచి, ఆయనే వాడిని కూర్చోబెట్టాడు.

మేము చేతికి వచ్చినంత తీసి ఇచ్చాము. ఆయన లెక్కపెట్టకుండానే మొలలో దోపుకొని, అందరి ముందూ మమ్మల్ని చీవాట్లు పెట్టాడు. "నిన్ననే సెప్పినాను కదా బాబూ! ఈత వస్తే సాల్దు, నీరు తెలియాల!"

తల వంచుకొని విన్నాము. ఆ తరువాత "తాతగారూ, నీరు తెలియడమంటే ఏమిటి?" అని అడిగాము. ఇసుకలో వ్రేలితో గీసి చెప్పాడు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరంతా ఎటో ఒకటు తిరిగి పోవాలి. ఇసుకమేట తెగినచోట సన్నని కాలువలాగ కూడుకొని లోపలికి పరుగెడుతుంది. ఆ పరుగువల్ల అక్కడ కెరటం విరగదు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. తెలియనివాడు అదే మంచిచోటనుకొని దిగుతాడు. దానికెదురు ఈదితే ఎంత బలవంతుడైనా అలిసిపోయి మునుగుతాడు. ఆ కాలువ వెడల్పు తక్కువ. ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే బయటపడవచ్చు. ఈత చాలనివాడు ఎదురాడకుండా తేలుతూ, చెయ్యి ఎత్తి పిలవాలి. ఇంత జ్ఞానం మాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

ఏటి మొగ

ఆ పూటంతా ఆయన దగ్గరే కూర్చున్నాము. తన కూతురిని ఋషికుల్య ఏటి మొగ దగ్గర పల్లెకు ఇచ్చానని, అక్కడ ఇప్పుడు తాబేటిపిల్లలు పుట్టే రోజులని చెప్పి, అల్లుడికి కబురు పంపుతానన్నాడు. రెండవ ప్రయాణం అలా కుదిరింది.

ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో వేలు, లక్షలుగా ఈ మొగకు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గోతులు తవ్వి గ్రుడ్లు పెడతాయి. ఒక్కొక్క తాబేలు సుమారు నూరు గ్రుడ్లు పెడుతుంది. 2025 ఫిబ్రవరిలో ఇక్కడికి ఆరు లక్షలకు పైగా వచ్చాయి. కొన్ని సంవత్సరాలలో అంతగా రానేరావు. గ్రుడ్లు పెట్టిన సుమారు 45 నుంచి 55 రోజులకు ఇసుక కదిలి, అరచేతిలో పట్టేపాటి పిల్లలు పైకి వస్తాయి. సముద్రంమీది వెలుతురును గుర్తుపట్టి అటే పాకుతాయి. ఒడ్డున దీపాలు వెలుగుతుంటే అవి దారితప్పి ఊరివైపు పోయి చస్తాయి. అందుచేత పల్లెవారు దీపాలు ఆర్పుతారు, దారితప్పినవాటిని ఏరి నీటిదగ్గర వదులుతారు.

తెల్లవారుజామున మూడుగంటలకు, దీపం లేకుండా, చెప్పులు చేతపట్టుకొని ఆ అల్లుడి వెనక నడిచాము. ముందే చెప్పాడు, ముట్టుకోకూడదు, ఫోనులో దీపం వెయ్యకూడదు అని. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డంపెట్టుకొని, ఒక పిల్ల నీటిని అందుకునేవరకూ ఊపిరి బిగబట్టి చూసింది.

తిరిగివస్తూ ఆయన ఒక సంగతి చెప్పాడు. తాబేళ్ళ రక్షణకోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఈ మొగచుట్టూ 20 కిలోమీటర్ల మేర సముద్రంలో చేపలవేట నిషిద్ధం. ఏడు నెలలు! ఆ వేటే జీవనమైనవారు దీపాలార్పి ఆ పిల్లలకు కాపలా కాస్తున్నారు. సరదాకు చూడవచ్చిన మనవంటివారు కనీసం ఆ పల్లెలో టీ ఫలహారాలు కొనుక్కొని, దారి చూపినవారికి అడిగినంత ఇచ్చి రావడం ధర్మం. ఈసారి మేము బేరమాడలేదు.

రాతిమీద రాత

మూడవ ఆదివారం అదే ఋషికుల్య ఒడ్డున, పురుషోత్తంపూర్ దగ్గరి జౌగడకు వెళ్ళాము. ఒడియాలో "జఉ" అంటే లక్క. పాండవుల లక్కయిల్లు ఇక్కడే ఉండేదని జనం చెప్పుకుంటారు. చరిత్రకారులకు మాత్రం ఇది కళింగంలో అశోకుని అధికారులుండిన సమాపా నగరం. అక్కడ పెద్ద బండమీద బ్రాహ్మీ లిపిలో అశోకుని శాసనాలు ఉన్నాయి. కళింగయుద్ధపు రక్తపాతాన్ని వర్ణించే పదమూడవ శాసనం మాత్రం ఇక్కడ లేదు, ధౌళిలోనూ లేదు. వాటికి బదులు కళింగంకోసమే వ్రాయించిన రెండు ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. ప్రజలందరూ తన బిడ్డలవంటివారని, అధికారులు కోపము, తొందర, సోమరితనము విడిచి పనిచేయాలని వాటి సారాంశం. ఇరవై ఏళ్ళకు పైగా ఆఫీసులో ఫైళ్ళు త్రిప్పుతున్న మాకు ఇది ఎవరినుద్దేశించి వ్రాశారో వేరే చెప్పనక్కరలేకపోయింది.

"ఇది ఒడియానా, తెలుగా?" అని మా అమ్మాయి అడిగింది. "రెంటికీ ముత్తాత" అన్నాము. ఒడియా లిపి, తెలుగు లిపి రెండూ ఆ బ్రాహ్మీనుంచి దిగివచ్చినవే.

వేడినీళ్ళ కొలను, చల్లని కొండ

నాలుగవ ప్రయాణం తప్తపాణికి. బరంపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో అడవిమధ్య వేడినీటి ఊట. వాననీరు భూమిలోతులకు ఇంకి, అక్కడి వేడికి కాగి, గంధకం కలుపుకొని పగుళ్ళగుండా పైకి వస్తుంది. ఒడ్డున కంధుణీదేవి ఆలయం. మా అమ్మగారు ఆ నీటితో మోకాళ్ళు తడుపుకొని హాయిగా ఉందన్నారు. పిల్లలు వాసనకు ముక్కు మూసుకున్నారు. వేసవిలో ఇక్కడికి తెల్లవారేసరికి చేరాలి. ఎండెక్కితే నీరూ వేడి, గాలీ వేడి.

అక్కడినుంచి కొండదారిన ఇంకా పోతే చంద్రగిరి ప్రాంతం, కొంత చల్లగా ఉంటుంది. తమ దేశం విడిచివచ్చిన టిబెట్టువారికి 1963లో ఇక్కడ నివాసాలు ఏర్పడ్డాయి. జీరంగలో వారి పెద్ద బౌద్ధవిహారం 2010లో ప్రారంభమైంది. మొక్కజొన్న పండించుకుంటూ, బజారులో మనతో ఒడియా మాట్లాడుతూ, తమలో తాము టిబెట్టుభాషే మాట్లాడుకుంటారు. మా ఆవిడ చాలాసేపు చూసి, "వీళ్ళ పిల్లలకు తమ భాష వ్రాయడం వచ్చునేమో అడగండి" అన్నది. దుకాణంలోని కుర్రవాడు మా ఎదుటే చీటీమీద తన పేరు టిబెట్టు అక్షరాలలో వ్రాసి చూపాడు. మా పెద్దవాడు ఆ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చిలికను ఈసారికి విడిచిపెట్టాము. విదేశాలనుంచి పక్షులు అక్కడికి వచ్చేది చలికాలంలో. ఆ సరస్సు డిసెంబరు, జనవరిలలో చూడవలసినది.

వెళ్ళదలచినవారికి

వేసవిలో పగలు పదకొండునుంచి మూడున్నరవరకు నీడపట్టున ఉండవలె. పులిహోర సాయంత్రందాకా నిలుస్తుంది, దద్దోజనం ఎండకు పులుస్తుంది, దానిని ముందు తినాలి. మనిషికి రెండు సీసాల నీళ్ళు తక్కువ కాకుండా ఉంచుకోవాలి. ఎవరికైనా వడదెబ్బ సూచన కనిపిస్తే నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్ళు తుడిచి, తెలివిలో ఉంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా త్రాగించాలి (చెంచా అంటే టీచెంచా, తలగొట్టి కొలవాలి). మాట తడబడినా, స్పృహ తప్పినా నోట ఏమీ పొయ్యకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

అన్నిటికంటె ముఖ్యం, ఏ చోటికి వెళ్ళినా దిగేముందు, ఎక్కేముందు అక్కడ పుట్టి పెరిగిన మనిషిని ఒక్కమాట అడగండి. ఆయన యాస చూసి నవ్వకండి. ఆరోజు ఆ కేక ఏ ఇంగ్లీషులోనో వినబడి ఉంటే, భయంతో కొట్టుమిట్టాడే మా కుర్రవాడికి అంత తొందరగా తలకెక్కి ఉండేదా అని ఇప్పటికీ రాత్రిళ్ళు ఆలోచిస్తూంటాము. ఇంట్లో వాళ్ళ నాయనమ్మ "పక్కకెళ్ళు" అని వెయ్యిసార్లు కసిరిన మాటే అది.

సెలవులు అయిపోవచ్చిన తరువాత మావాడి నోటుపుస్తకం చూశాము. తాతగారి దగ్గర విన్న మాటలన్నీ వరుసగా వ్రాసుకున్నాడు: పోటు, పాటు, మొగ, తెప్ప, పక్కకెల్లు. తెలుగు మాటలు, ఒడియా అక్షరాలు. వాళ్ళమ్మ ఏమీ అనకుండా ఆ పుటకు ఎదుటి పుటలో అవే మాటలు తెలుగు అక్షరాలతో వ్రాసిపెట్టింది. ఇప్పుడు రోజూ రాత్రి భోజనాలయ్యాక అన్నాచెల్లెళ్ళిద్దరూ వాటిని దిద్దుతున్నారు. దసరా సెలవులకు మళ్ళీ గోపాల్‌పూర్ వెళ్ళి, తాతగారికి ఆ పుస్తకం చూపించాలని ఇప్పటినుంచే వారి కోరిక. ఆ ఖర్చుకు ఒక డబ్బా వేరుగా పెట్టాము.