పాత ప్రింటరు: సిరా తొణకని ప్రయాణము

అయ్యలారా, ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన సంగతి చిన్నది. ఒకరు కొన్నాళ్లు వాడిన ఇంక్‌జెట్ ప్రింటరును సూర్యాపేటనుండి కోదాడకో మిర్యాలగూడకో, అటనుండి పల్లెకో, సిరా కారకుండ చేర్చుట యెట్లు? ఇది పిల్లల పని, మాకేల యని మీరనవచ్చును. యంత్రమును కొనువాడు పిల్లవాడే కావచ్చును గాని, బస్టాండులో దానిని చేతికందుకొని ఊరికి తెచ్చు భారము తఱచుగా పెద్దవారిపైనే పడుచున్నది. 2011లో మీసేవ వచ్చిన పిమ్మట దరఖాస్తులకును, ధ్రువపత్రములకును, నకళ్లకును సంబంధించిన కాగితపు పని పల్లెలలో పెరిగినది. రోడ్డుప్రక్క చిన్నగదిలో ప్రింటరొకటి పెట్టుకొని బ్రదుకు యువకులు మన ప్రాంతమున పెక్కురు. సిరా తొట్లు గల క్రొత్త యంత్రమునకు సాధారణముగా పదివేల రూపాయలకు పైగా నగును. కావున పాతదానిని వెదకుకొందురు. త్రోవలో అది చెడెనా, పెట్టుబడితోపాటు మొదటి నెలల జీవనమును పోయినట్లే.

నేనెఱిగిన యొక సంగతి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట మా బంధువుల పిల్లవాడు సూర్యాపేటలో పాత ప్రింటరును కొని మిర్యాలగూడకు పార్సెలు వేసెను. తయారుచేసినవారి అసలు పెట్టెయే దొరికినందున, దానిలోనే పెట్టి, పైన త్రాడు బిగించి, నిశ్చింతగా నుండెను. అచ్చట దింపునప్పటికి పెట్టె ప్రక్కకు ఒరిగియున్నది. అట్ట అడుగంతయు నల్లబడి, దానిక్రింద నున్న పరాయివారి చీరల మూటలోనికి నాలుగు రంగులును దిగినవి. అవి పెండ్లి చీరలు! వారిచే మాటపడుటయు, సొమ్మిచ్చుకొనుటయు నట్లుండగా, ఆ యంత్రము మరల సరిగా అచ్చువేయనే లేదు. "అసలు పెట్టెలోనే పంపితిని గదా మామా, నా తప్పేమి?" అని అతడు నన్నడిగెను.

అడుగదగిన ప్రశ్నయే. క్రొత్త యంత్రము ఫ్యాక్టరీనుండి వచ్చునప్పుడు దాని తొట్లు ఖాళీగా నుండును. సిరా వేఱు సీసాలలో, బిగించిన మూతలతో వచ్చును. ఆ పెట్టె ఎండు యంత్రమునకై చేయబడినది. ఒకమారు సిరా పోసి వాడిన పిమ్మట అది వేఱు వస్తువు. ఖాళీకుండను గడ్డిలో చుట్టి బండిలో ఎట్లు పడవేసినను భయములేదు. నిండుకుండను అట్లు పంపువారెవరు? నిండుకుండ తొణకదందురు గాని, బస్సులో ఆ సామెత చెల్లదు.

ఇక యంత్రములో సిరా యెచ్చట నుండునో చూతము. కంటికి కనబడునవి ప్రక్కనుండు తొట్లు. వానినుండి సన్నని గొట్టములు హెడ్డుకు పోవును. హెడ్డనగా కాగితముమీద ఇటునటు పరుగిడుచు సిరాను చిలుకు భాగము. దాని యడుగున తలవెండ్రుకకంటె సన్నని రంధ్రములు వందలకొలది యుండును. కొన్ని యంత్రములలో చిన్న వేడిబుడగ సిరాను వెలికి నెట్టును. జపానులోని కానన్ కంపెనీలో 1977లో కాలుచున్న సోల్డరింగ్ కడ్డీ సిరా నింపిన పిచికారీ సూదికి పొరపాటున తగులగా సిరా చిమ్మెననియు, ఈ యుపాయము అప్పుడే తట్టెననియు చెప్పుదురు. ఎప్సన్ వారి యంత్రములలో విద్యుత్తు తగిలినప్పుడు వంగు సన్నని పలక ఆ పని చేయును. విధమేదైనను, ఆ రంధ్రములకు తలుపులు లేవు.

మఱి యంత్రము ఊరక కూర్చున్నప్పుడు సిరా యేల కారదు? తొట్టిలోని సిరామట్టము హెడ్డుకంటె కొంచెము క్రిందుగా నుండునట్లు అమర్చినారు. మీరు డీజిలు పీపాలో గొట్టము పెట్టి, నోటితో పీల్చి, డబ్బాలోనికి దింపుచుందురు గదా. గొట్టపు కొన పీపాలోని మట్టముకంటె క్రిందనున్నంతవఱకు డీజిలు దిగును. కొనను పైకెత్తినచో ఆగును. ఇచ్చటను అదియే న్యాయము. యంత్రమును ప్రక్కకు పడవేసితిమా, తొట్టి పైకిని హెడ్డు క్రిందికిని రావచ్చును. గొట్టము సిరాతో ముందే నిండియున్నది గనుక పీల్చువారితో పనియే లేదు.

కంటికి కనబడని సిరా మఱియొకటి కలదు. దీనిని చాలమంది యెఱుగరు. హెడ్డును శుభ్రపఱచినప్పుడెల్ల కొంత సిరా వ్యర్థముగా లాగబడి, యంత్రపు అడుగుననున్న దళసరి మెత్తలోనికి పోవును. దుకాణములవారు దానిని వేస్ట్ ఇంక్ ప్యాడ్ అందురు. ఏండ్లతరబడి వాడిన యంత్రములో నది తడిసి ముద్దయై యుండును. తొట్లు ఖాళీ చేసితిమి గదాయని ధైర్యముతో యంత్రమును తలక్రిందులు చేసినవారిని ముంచునది ఇదియే. పాతదానిని కొనునప్పుడు ధర యడుగుటకు ముందు, ఆ ప్యాడును ఎప్పుడైన మార్చినారా యని అడుగుట మంచిది.

ఇక పంపువాని పని. బయలుదేరుటకు ముందు తొట్లలో క్రొత్తగా సిరా పోయరాదు. ఉన్నదానిని తోడివేయనురాదు, గొట్టములలో గాలి చేరి హెడ్డు ఎండిపోవును. యంత్రమును దాని మీటతోనే ఆపవలెను గాని గోడమీది స్విచ్చుతో కాదు. మీట నొక్కిన పిమ్మట హెడ్డు తనంతట తాను మూలకు పోయి అచ్చటి రబ్బరు మూతమీద కూర్చుండును. దీపము పూర్తిగా ఆరిన తరువాతనే ప్లగ్గు తీయవలెను. గోడ స్విచ్చు ఆపినచో హెడ్డు నడుమనే నిలిచిపోయి, రంధ్రములు మూతలేకుండ ప్రయాణము చేయును. కరెంటు పోయినవేళ తొందరపడి యంత్రమును మూటగట్టరాదని చెప్పుట యిందుకే.

నాగార్జునసాగర్ ఎడమకాల్వ క్రింద సేద్యము చేయువారికి తూము మూయుట నేను నేర్పనక్కఱలేదు. కొన్ని యంత్రములకు తొట్ల చెంత చిన్న మీట యుండును. దానిని రవాణా గుర్తువైపు త్రిప్పినచో గొట్టములలో సిరాదారి మూతపడును. ఎప్సన్ వారి ఎల్ శ్రేణి పాత యంత్రములు కొన్నిటిలో నిది కలదు. అన్నిటను లేదు. లేనివానికి చదునుగా నుంచుటయే రక్ష. తొట్లు లేక చిన్న కార్ట్రిడ్జులతో నడచు యంత్రమైనచో వానిని తీయక లోపలనే యుంచుట మేలు.

తొట్ల మూతలు గట్టిగా నొక్కి, చెమ్మ తుడిచి, హెడ్డు కదలకుండ కాగితపు టేపు అతికింపవలెను. పిమ్మట పెద్ద పాలిథిన్ సంచిలో, అడుగున పాతధోవతి మడతపై యంత్రమును నిలిపి, సంచి మూతి కట్టవలెను. సిరా దిగినను ధోవతి పీల్చుకొనును, పరాయివారి మూటకు చేరదు. సంచికిని పెట్టెకును నడుమ అన్ని ప్రక్కల మూడు వ్రేళ్ల మందము మెత్తదనము కావలెను. వరిగడ్డి వాడదలచినచో సంచికి వెలుపలనే వాడుడు. పొట్టు లోపలికి పోయినచో కాగితమును లాగు చక్రములు చెడును. మిగిలిన సిరాసీసాలను వేఱుగా నిలువుగా తీసికొనిపోవలెను.

సూర్యాపేటకు రైలు లేదు గనుక బస్సే గతి. కోదాడకు 65వ నంబరు జాతీయ రహదారిమీద సుమారు 45 కిలోమీటర్లు. ప్రయాణము గంటలోపలిదే యైనను పార్సెలు గదిలో పెట్టె యెంతసేపు ఏ మూటక్రింద నుండునో మన చేతిలో లేదు. 2020 నుండి ఆర్టీసీ తానే సరుకులు చేరవేయుచున్నది. అచ్చట అప్పగించునప్పుడు లోపల సిరాయున్నదని దాచక చెప్పవలెను. నాలుగు ప్రక్కలను బాణపుగుర్తు వేసి "ఈ వైపు పైకి" అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. అంతకంటె మేలు మనిషివెంట తెచ్చుట. కాళ్లయొద్ద చదునుగా పెట్టుకొనుడు, సామానుల యరలో పండబెట్టకుడు. వేసవిలో మిట్టమధ్యాహ్నపు బస్సు వలదు. వేడికి తొట్టిలోని గాలి ఉబ్బును. యంత్రము ఒరిగి, గాలిపోవు సన్నదారిని సిరా క్రమ్ముకొనియున్నచో, ఆ గాలి సిరానే వెలికి త్రోయును. తెల్లవారు బస్సు ఉత్తమము.

ఇల్లు చేరిన వెంటనే మీట నొక్కకుడు. పెట్టెనుండి తీసి, చదునైన బల్లమీద గంటసేపు ఉంచి, అడుగున తడియున్నదేమో వ్రేలితో తాకి చూడుడు. తడియున్నచో ప్లగ్గు పెట్టనేరాదు, మరమ్మతుచేయువానిని పిలువవలెను. పొడిగా నున్నచో లోపలి టేపు తీసి, మూసిన తూమును తెఱవుడు. దీనిని మఱచి అచ్చువేయబోయి హెడ్డులోనికి గాలి లాగించినవారు గలరు. పిదప పరీక్షాపత్రము నొకదానిని తీయవలెను. నాలుగు రంగుల గీతలును తెగకుండ వచ్చినచో పని తీరినది. తెగినచో శుభ్రపఱచు మీటను ఒకటి రెండుమార్లు మాత్రమే వాడి, రాత్రి విడిచి మరునాడు చూడుడు. పదిమార్లు వాడినచో ఆ సిరాయంతయు పోవునది అడుగున ముందే తడిసియున్న ఆ మెత్తలోనికే.